యోగి, శాస్త్రజ్ఞుడు: స్వామి జ్ఞానానంద

వర్షాకాలములో ఏలూరు నుండి దక్షిణముగా పోయి కొల్లేటి గట్టున నిలిచినవారికి ఒక దృశ్యము కనబడును. బుడమేరు, తమ్మిలేరు మెరక భూముల మట్టిని కలుపుకొని వచ్చి సరస్సులో పడుచుండును. నీరు ఎర్రబడును, లోతు తెలియదు. వరద తీసి, ఎక్కువైన నీరు ఉప్పుటేరు దారిని సముద్రమునకు పోయిన పిదప అదే నీరు మెల్లమెల్లగా తేరుకొనును. అప్పుడు అడుగున నున్న నాచు సైతము కంటికి ఆనును. ఈ తేటదనమును ఎవరును బయటినుండి తెచ్చి పోయలేదు. కదలిక ఆగినది, మట్టి అడుగంటినది, అంతే.

మనస్సును సరస్సుతో పోల్చుట మన పెద్దలకు వాడుక. పతంజలి మహర్షి యోగశాస్త్రమంతయు చిత్తమనెడి ఈ నీటిలో లేచు అలలను గూర్చినదే. పరీక్ష తప్పిన విద్యార్థికి, పిల్లల నడుమ రోజంతయు గొంతు చించుకొని ఇంటికి చేరిన ఉపాధ్యాయునికి, అయినవారిని పోగొట్టుకొన్న గృహస్థునకు ఆ అలల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చెప్పవలసినది అవి అణగు ఉపాయము. గ్రంథములలో ఆ ఉపాయము దొరకును. అయితే దానిని బ్రతికి చూపిన మనుష్యుని కథ మరింత సుబోధముగా ఉండును. అట్టివాడొకడు ఈ డెల్టా సీమలోనే, భీమవరము చేరువనున్న గొరగనమూడిలో పుట్టినాడు. ఆయనయే స్వామి జ్ఞానానంద.

పుట్టిన సీమ

ఆయన తొలిపేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5వ తేదీన జన్మించినారు. అప్పటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై నలుబది నాలుగేండ్లు గడచినవి. కరవుకు పేరుపడిన నేల కాలువల నీటితో వరిసీమగా మారిపోయినది. ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా పోవు ఇనుపదారి అప్పుడప్పుడే వచ్చినది. గోదావరిపై హేవలాక్ వంతెన ఇంకను పూర్తి కాలేదు. జిల్లా సరిహద్దులు సైతము ఆ పిల్లవాని కండ్లయెదుటనే మారినవి. పుట్టినప్పుడు ఆ ఊరు గోదావరి జిల్లాలోనిది. 1904లో కృష్ణా జిల్లాలో చేరినది. 1925లో ఏలూరు ముఖ్యపట్టణముగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినది. 2022లో ఏలూరు వేరు జిల్లా కాగా, భీమవరము పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణమైనది.

కలిగిన కుటుంబము. తండ్రి శ్రీరామరాజుగారు గ్రంథప్రియులు. ఇంటిలో వేదవేదాంత గ్రంథములు ఉండెడివి. అట్టి ఇంటిలో పెరిగిన బాలునికి పుస్తకమనగా బడిలో అప్పగింపవలసిన పాఠమనియే గాక, ప్రాణసంబంధమైన ప్రశ్నలకు సమాధానము వెదకుకొను చోటనియు తోచుట సహజము. ఆయన చదువు నరసాపురము టైలర్ ఉన్నత పాఠశాలలో సాగినది. ఆ కాలపు మన పల్లెపిల్లలలో తెలివిగలవానికి ముందున్న దారి ఒక్కటే: పరీక్షలు, పట్టము, వకీలు వృత్తియో సర్కారు కొలువో, లేదా ఇంటి భూముల అజమాయిషీ.

ఆయన ఆ దారిని పోలేదు. ఇరువదేండ్ల ప్రాయమున ఇల్లు విడిచినారు. ఆస్తి ఉన్నది, చదువున్నది, ఆదరించువారున్నారు. అయినను లోపల తీరని వెలితి యేదో ఉండి ఉండవలెను. లేనిచో ఆ వయసువాడు హిమాలయముల దారి పట్టడు.

కొంత ధర్మసందేహము ఇచ్చట కలుగును. కొడుకు విరాగియై వెడలిపోయిన ఇంటిలో మిగిలినవారి గతి యేమి? మహాపురుషుల చరిత్రలు వ్రాయువారు ఆ గుమ్మమువైపు తిరిగి చూడకుండ ముందునకు సాగిపోవుదురు. కపిలవస్తులో యశోధర కన్నీరు ఎట్టిదో, ఏ పల్లెలోనైనను తల్లి కన్నీరు అట్టిదే. కాబట్టి గృహత్యాగమును ఆదర్శమని పిల్లలకు బోధింప బూనరాదు. ఆయన పోయిన దారి ఆయనది. ఆ దారిలో ఆయన గడించినది మాత్రము ఇంటిపట్టున ఉన్నవారికిని పనికివచ్చును.

పదేండ్ల సాధన

సుమారు పదేండ్లు ఆయన హిమాలయ ప్రాంతములలోను తదితర స్థలములలోను యోగసాధనలో గడపినారు. లక్ష్మీనరసింహరాజు జ్ఞానానందస్వామి అయినారు. ఆ సంవత్సరములలో ఆయనకు లోపల ఏమేమి జరిగినదో బయటివారు వర్ణించుట సాహసము. సాధకుడు పోవు త్రోవ మాత్రము శాస్త్రములో స్పష్టముగా ఉన్నది.

యోగశాస్త్రము మనుష్యుని బాధలకు ఐదు వేళ్లు చూపును. తన స్వరూపము తాను ఎరుగమి అవిద్య. మనస్సులో లేచిన ప్రతి తలపును నేనే అనుకొనుట అస్మిత. సుఖము వెంట పరుగు రాగము. దుఃఖము చూచి పెనుగులాట ద్వేషము. ప్రాణముపై విడువని పట్టు అభినివేశము. ఒక విద్యార్థి లెక్కలలో తప్పినాడనుకొందము. తప్పినది ఒక పరీక్ష. కాని అతడు నేను పనికిరానివాడను అని తనకు తాను తీర్పు చెప్పుకొనును. పరీక్షకును తనకును నడుమ ఉన్న ఎడము మాసిపోయినది. అస్మిత చేయు పని ఇదియే. ధ్యానములో కూర్చున్నవాడు ఆ తలపును తరుమడు, దానితో వాదింపడు. వచ్చినది, ఉన్నది, పోవుచున్నది అని చూచుచుండును. చూచుచున్న కొలది, చూచువాడు వేరు, చూడబడు తలపు వేరు అని తెలియవచ్చును. ఆ ఎడము తిరిగి ఏర్పడినచో సగము గాయము మానినట్లే.

మిగిలిన సగమునకు కూడ శాస్త్రము మందు చెప్పినది. సుఖించువారియెడ మైత్రి, దుఃఖించువారియెడ కరుణ, మంచివారియెడ ముదము, చెడ్డవారియెడ ఉపేక్ష: ఈ నాలుగు భావముల వలన చిత్తము తేరునని పతంజలి మతము. వీనిని మనము ఎదుటివారి విషయములోనే చెప్పుకొందుము. తనయెడ తనకు కూడ ఇవి ఉండవలెనని గుర్తింపము. తన తప్పును తాను కరుణతో చూడనేర్వనివాడు ఇతరుల తప్పును ఎంతకాలము సహింపగలడు? తరగతిలో అకారణముగా బెత్తము ఎత్తు ఉపాధ్యాయునికి అసలు కోపము పిల్లవానిపైనా, తనపైనా అన్నది ఆలోచింపదగిన విషయము.

మరల విద్యార్థి

1927లో జ్ఞానానంద జర్మనీ చేరినారు. అప్పటికి ఆయనకు ముప్పదేండ్లు దాటినవి. తన యోగానుభవములను, తత్త్వమును పూర్ణసూత్రములను పేర సమకూర్చి, అచ్చటివారికి వేదాంతమును గూర్చి, యోగమును గూర్చి ఉపన్యసించినారు. కాషాయవస్త్రము ధరించి పాశ్చాత్య దేశములకు పోయిన ప్రాచ్య గురువునకు ఆ దినములలో శ్రోతల కొదువ లేదు. మొదటి మహాయుద్ధములో ఓడి, ధనము విలువ క్షీణించి, పాత నమ్మకములు చెదరిన జర్మనీలో చాలమంది తూర్పువైపు చూచుచుండిరి. జీవితమంతయు గురుపీఠముపై హాయిగా కూర్చుండుటకు ఆయనకు అవకాశమున్నది.

ఆయన చేసిన పని వేరు. ఆ కాలమున ఐన్‌స్టీను సాపేక్షతా సిద్ధాంతము విద్వత్ప్రపంచమును ఊపివేయుచుండెను. కాలము, దేశము, ద్రవ్యము, శక్తి అను మాటలకు భౌతికశాస్త్రము కొత్త అర్థములు చెప్పుచుండెను. ఆ మాటలు వేదాంతికి కొత్తవి కావు. వానిని గణితముతో కొలుచుట కొత్త. జ్ఞానానంద మనస్సు అటు లాగినది. ఉపన్యాసకుడుగా వచ్చిన స్వామి డ్రెస్డెన్ నగరమున ఉన్నత గణితము, భౌతికశాస్త్రము నేర్చుకొను విద్యార్థి అయినారు.

ఆయన జీవితములో ఇల్లు విడిచిన దినముకంటె ఇది పెద్ద మలుపని నాకు తోచును. ఇల్లు విడుచుటలో లోకము మెచ్చు సాహసమున్నది. గురువు స్థానము దిగి, ముప్పదేండ్లు దాటిన పిదప, పరభాషలో, తనకంటె చిన్నవారి నడుమ బల్లపై కూర్చుండుటలో మెప్పు ఏమియు లేదు. పైగా రెండువైపుల నుండియు నింద రావచ్చును. సన్న్యాసికి ప్రయోగశాల యేల అని వైదికులు అడుగవచ్చును. శాస్త్రజ్ఞునికి కాషాయమేల అని ఆధునికులు అడుగవచ్చును. ఆయన కాషాయము విడువలేదు, గణితమును విడువలేదు. తనలోని జిజ్ఞాసను వైరాగ్యమునకు శత్రువని అణచివేసి ఉండినచో బహుశః ఒక మఠాధిపతి మిగిలి ఉండెడివాడు. తన్ను తాను ఉన్నది ఉన్నట్లు అంగీకరించుట అనగా ఇదియే కాబోలు. యోగమను మాటకు కలయిక అని అర్థము. తనలో రెండుగా చీలిన దానిని ఒకటిగా కలుపుకొనుట కూడ అందులోనిదే.

ప్రేగు నుండి లివర్‌పూలునకు

డ్రెస్డెన్ తరువాత ఆయన చెకొస్లొవాకియా రాజధాని ప్రేగు చేరినారు. అచ్చటి చార్లెస్ విశ్వవిద్యాలయము 1348లో స్థాపితమైనది. ఎక్స్‌కిరణ వర్ణపటములు ఆయన పరిశోధన విషయము. ప్రతి మూలకము తనదైన ఎక్స్‌కిరణ రేఖలను వెలువరించును. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్లు ఆ రేఖలను బట్టి మూలకమును గుర్తింపవచ్చును. మెత్తని ఎక్స్‌కిరణములను గాలి మ్రింగివేయును గనుక ఇట్టి కొలతలు శూన్యములో జరుపవలెను. 1936లో ఆ విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టమిచ్చినది. వయస్సు నలుబదికి చేరువ.

అంతటితో తృప్తిపడక ఆయన ఇంగ్లండులోని లివర్‌పూలు విశ్వవిద్యాలయమునకు పోయినారు. 1932లో న్యూట్రానును కనుగొని, 1935లో నోబెలు బహుమానము పొందిన జేమ్స్ చాడ్విక్ ఆ 1935లోనే లివర్‌పూలులో ఆచార్యపదవి చేపట్టియుండెను. అచ్చట జ్ఞానానంద బీటా కిరణములను పరిశీలించి మరియొక డాక్టరు పట్టము గడించినారు.

బీటా కిరణములనగా ఏమి? కొన్ని పరమాణువుల కేంద్రకములు తమంతట తాము మారుచు ఎలక్ట్రానులను వెలికి విసరును. ఒకే పదార్థమునుండి వచ్చినను వాని అన్నిటికి ఒకే శక్తి ఉండదు. 1914లో ఈ విచిత్రమును కనిపెట్టినవాడు చాడ్వికే. శక్తి కొంత ఎచ్చటికో పోవుచున్నట్లు కనబడుటచే శాస్త్రజ్ఞులు తికమకపడిరి. కంటికి కానరాని మరియొక కణము దానిని కొనిపోవుచున్నదని 1930లో పౌలీ ఊహించెను. ఎలక్ట్రానులను అయస్కాంతముతో వంచి, వానివాని శక్తిని బట్టి వేరుపరచి కొలుచుట ఈ శాఖలోని పని. ఓర్పు, ఏకాగ్రత లేనివాడు ఇందు నిలువలేడు. హిమాలయములలో అలవడిన కూర్చుండుట ఇచ్చట వృథా పోలేదు.

ఇంతలో రెండవ మహాయుద్ధము వచ్చినది. ఆయన పాఠములు నేర్చిన నగరములు ఒక్కటొక్కటిగా దెబ్బతిన్నవి. ప్రేగులోని చెక్ కళాశాలలను 1939 నవంబరులో నాజీలు మూసివేసిరి. 1941 మే నెలలో లివర్‌పూలుపై రాత్రుల తరబడి బాంబులు కురిసినవి. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ అగ్నికి ఆహుతి అయినది. అదే సంవత్సరము ఆగస్టులో, కేంద్రక శాస్త్రము ప్రసాదించిన జ్ఞానముతోనే హిరోషిమా, నాగసాకి భస్మమైనవి. ఆ బాంబు తయారీలో బ్రిటిషు శాస్త్రజ్ఞుల బృందమునకు చాడ్విక్ నాయకుడు. అణుగర్భమును శోధించు సన్న్యాసికి ఈ వార్త ఎట్లుండెనో మనము ఊహింపవలసినదే. విజ్ఞానము మనుష్యుని చేతి బలమును పెంచును. చేతిని నడపు చిత్తమును శుద్ధి చేయుట దాని పని కాదు. ఆ రెండవ పనికి వేరొక శాస్త్రము కావలెను. రెండింటిని నేర్చినవారు ఆ తరములో ఎందరున్నారు?

శూన్యమును గూర్చిన గ్రంథము

తరువాత ఆయన అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయములో పరిశోధన సాగించినారు. అధికశూన్యమును సాధించు పద్ధతులను గూర్చి, కొలుచు సాధనములను గూర్చి ఆయన ఆంగ్లమున వ్రాసిన హై వాక్యువా అను గ్రంథము 1947లో న్యూయార్కులో వెలువడినది. అది పూర్తిగా శాస్త్రగ్రంథము. అందు వేదాంతము వెదకరాదు. అయినను ఆ విద్యలోని ఒక సంగతి యోగవిద్యార్థికి ఆశ్చర్యము గొలుపును. ఈ పోలిక నాది, స్వామివారిది కాదు.

గాజుపాత్రలోని గాలిని పంపుతో తోడివేయుట సులభమే. కొంతమేర తోడిన పిదప చిక్కు వచ్చును. లోపలి గాలి పోయినను, పాత్ర గోడలకు ఎన్నడో అంటుకొనియున్న వాయువు మెల్లగా ఊరుచుండును. ఎంత తోడినను ఊరుచునే ఉండును. పని చెడినదని తెలియనివాడు విసుగుకొనును. తెలిసినవాడు పాత్రను వేడిచేసి, గోడలలోనిది కూడ వెలువడనిచ్చి, అదేపనిగా తోడుచుండును. ధ్యానమునకు కొత్తగా కూర్చున్నవాని అనుభవము అచ్చముగా ఇదియే. పైపై తలపులు అణగగానే ఏనాటివో అవమానములు, భయములు, దుఃఖములు లోపలినుండి ఊరి వచ్చును. ధ్యానము చేసి మరింత అశాంతి తెచ్చుకొంటిననుకొని చాలమంది అచ్చటనే మానివేయుదురు. వచ్చుచున్నది కొత్త మురికి కాదు, పాతది వెడలుచున్నది. ఆ గోడలను వేడిచేయు నిప్పునకే మనవారు తపస్సని పేరు పెట్టినారు.

తిరిగి తెలుగుదేశము

స్వరాజ్యము వచ్చిన 1947లోనే జ్ఞానానంద భారతదేశమునకు మరలినారు. రెండు దశాబ్దుల ప్రవాసము ముగిసినది. కొంతకాలము ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసినారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆయనను వాల్తేరునకు రప్పించుకొన్నది. వి. ఎస్. కృష్ణగారు ఉపాధ్యక్షులుగా ఉన్న కాలమది. 1956లో అచ్చట కేంద్రక భౌతికశాస్త్రమునకు ప్రత్యేకశాఖ ఏర్పడగా, దాని నిర్మాణభారము స్వామివారిపై పడినది. 1965 వరకు ఆయన దానికి పెద్దగా ఉన్నారు.

పుట్టిన సీమను పిన్ననాడే విడిచిన మనుష్యుడు చివరకు తెలుగు పిల్లలకు పాఠములు చెప్పుటకు తిరిగి వచ్చినాడు. ఉపకరణములు అరుదు, విదేశీ మారకద్రవ్యము అరుదు, అనుభవజ్ఞులు అరుదు అయిన రోజులలో కొత్త ప్రయోగశాలను నిలబెట్టుట సామాన్యమైన పని కాదు. ఐరోపా, అమెరికాలలో తాను నేర్చినదంతయు ఆయన ఇందులో పెట్టినారు. గుహలో సాధించిన ఏకాంతమును తరగతి గదిలోనికి తెచ్చుకొన్నారు. 1969 సెప్టెంబరు 21వ తేదీన ఆయన కాలధర్మము చెందినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయములోని కేంద్రక పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టబడినది.

మనకు మిగిలినది

ఇప్పుడు యోగము వీధివీధికి వచ్చినది. ఐక్యరాజ్యసమితి నిర్ణయము ననుసరించి 2015 నుండి యేటేట జూన్ 21న అంతర్జాతీయ యోగదినము జరుగుచున్నది. ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను పాఠశాలల ఆవరణలలో పిల్లలు వరుసలు తీర్చి ఆసనములు వేయుచున్నారు. మంచిదే. అయితే ఆసనము ఎనిమిది అంగములలో మూడవది మాత్రమే. దానికి ముందు యమనియమములున్నవి. తరువాత ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణ, ధ్యాన, సమాధులున్నవి. వీపు వంచుట నేర్చిన పిల్లవానికి, తన మనస్సు కలగినప్పుడు పది నిమిషములు కదలక కూర్చుండి దానిని చూచుట కూడ నేర్పవలెను. అది నేర్పు ఉపాధ్యాయుడు ముందుగా తాను కూర్చుండవలెను.

ఒక హెచ్చరిక అవసరము. తీవ్రమైన మనోవ్యాధి గలవారికి ధ్యానమే చాలునని వైద్యుని మాన్పించుట తప్పు. విజ్ఞానమును, యోగమును రెండు చేతులుగా వాడుకొన్న మనుష్యుని కథ చదివిన మనము ఒక చేతిని నరుకుకొనరాదు.

ఇక విద్యార్థులకొక మాట. జ్ఞానానంద జీవితములో ఆలస్యమైన చదువు ఉన్నది, మార్చుకొన్న దారి ఉన్నది, లోకము ఒకచోట ఇమిడ్చి చూపలేని వ్యక్తిత్వమున్నది. వీనిలో ఏదియు ఆయనకు సిగ్గు కాలేదు. ఇరువది యేండ్లకే జీవితము తేలిపోవలెననియు, ఒక మార్కుతో అంతయు ముగిసిపోయెననియు బెంగపడు పిల్లలు ఆయన డాక్టరు పట్టము పొందిన వయస్సును గుర్తుంచుకొనవలెను.

వరద వచ్చినప్పుడు కొల్లేరు కలగును. అది సరస్సు దోషము కాదు. ఏళ్లు కలిసిన చోటికి మట్టి రాక తప్పదు. ఉప్పుటేరు దారి తెరచియుండి, నీటికి కొంత వ్యవధి దొరికినచో, అడుగు మరల కనబడును.